ఓటు వేసేముందు అభ్యర్థి గురించి తెలుసుకోవడం ఎలా? మేం కట్టిన వెబ్‌సైట్, మేం చేసిన తప్పు

ఈరోజు ఎపిసోడ్ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. వీడియో పాజ్ చేసి ఆలోచించండి. 2024లో మీ నియోజకవర్గంలో ఎమ్మెల్యేగా పోటీ చేసినవాళ్ళు ఎంతమంది? వాళ్ళలో ఎంతమంది పేర్లు చెప్పగలరు?

చాలామంది ఇద్దరి దగ్గరో ముగ్గురి దగ్గరో ఆగిపోతారు. నేనూ అంతే. ఈవీఎం బ్యాలెట్ యూనిట్ మీద 16 మీటలుంటాయి. అందులో ఒకటి నోటాకి పోతే మిగతా 15 మంది మన ముందే ఉంటారు. కానీ మనం గుర్తు చూసి నొక్కి బయటికొచ్చేస్తాం. పదివేల ఫోన్ కొనడానికి నలభై రివ్యూలు చూసే మనం, ఐదేళ్ళకి ఒక మనిషిని ఎంచుకోవడానికి ఒక్క పేజీ కూడా చదవం. నేను మిమ్మల్ని తిట్టట్లేదు. ఆ పేజీ ఎక్కడుంటుందో, దాన్ని ఎలా చదవాలో మనకెవరూ చెప్పలేదు, అంతే.

2024 ఎన్నికల ముందు మేం నలుగురం కలిసి ఒక వెబ్‌సైట్ కట్టాం. నేను, నా కాలేజీ ఫ్రెండ్స్ ఇద్దరు, ఎల్‌ఎల్‌బీ చదువుతున్న ఒక ఫ్రెండ్ వాళ్ళ చెల్లి. మా పార్లమెంట్ నియోజకవర్గం, దాని కింద ఏడు అసెంబ్లీ స్థానాలు, మొత్తం ఎనిమిది పోటీలు. ప్రతి అభ్యర్థికీ తెలుగులో ఒక పేజీ. ఐడియా ఇంతే. రెండు వీకెండ్లలో అయిపోతుందనుకున్నాం. అవ్వలేదు. పైగా మధ్యలో ఒక తప్పు చేశాం. ఈ ఎపిసోడ్ ముఖ్యంగా ఆ తప్పు గురించే. కానీ అది అర్థం కావాలంటే ముందు కొంచెం బ్యాక్‌గ్రౌండ్ కావాలి.

అసలు అభ్యర్థి ఆస్తులు, కేసులు మనకెందుకు తెలుస్తున్నాయి? ఇది మొదటినుంచీ ఉన్నది కాదు. 1999లో అహ్మదాబాద్ ఐఐఎం ప్రొఫెసర్లు కొందరు ఏడీఆర్, అంటే అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ అనే సంస్థ పెట్టి ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళారు. అభ్యర్థి మీద ఏ కేసులున్నాయో తెలుసుకునే హక్కు ఓటరుకి ఉండాలి అన్నది వాళ్ళ వాదన. అదే ఏడాది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లోక్‌సత్తా వాళ్ళు నేరచరిత్ర ఉన్న అభ్యర్థుల జాబితా బయటపెట్టారు. అప్పట్లో అది పెద్ద సంచలనం. హైకోర్టు ఓటరు పక్షానే చెప్పింది. విషయం సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2002 మే 2న సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది: అభ్యర్థి గురించి తెలుసుకోవడం భావప్రకటన హక్కులో భాగం, ఎందుకంటే ఓటు కూడా ఒక అభిప్రాయ ప్రకటనే.

ఇక్కడే అసలు సినిమా. పార్టీలకి ఇది నచ్చలేదు. తీర్పుని నీరుగార్చేలా ప్రభుత్వం ఒక ఆర్డినెన్స్ తెచ్చింది. అప్పుడే కొత్తగా రాష్ట్రపతి అయిన కలాం గారు దాన్ని ఒకసారి వెనక్కి పంపారు. కేబినెట్ మళ్ళీ అదే పంపితే రాజ్యాంగం ప్రకారం సంతకం పెట్టాల్సి వచ్చింది. తర్వాత అది చట్టం అయింది. దాని మీద మళ్ళీ కోర్టుకి వెళ్ళినవాళ్ళు ముగ్గురు: పీయూసీఎల్, ఏడీఆర్, మన లోక్‌సత్తా. 2003 మార్చి 13న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ని కొట్టేసింది. కాబట్టి ఈరోజు మీ ఫోన్లో ఒక ఎమ్మెల్యే అఫిడవిట్ ఓపెన్ అవుతోందంటే, దాని వెనక నాలుగేళ్ళ కోర్టు గొడవ ఉంది. ఎవరో దయతలచి ఇచ్చింది కాదు.

సరే, ఆ అఫిడవిట్ పేరు ఫారం 26. నామినేషన్‌తో పాటు నోటరీ చేయించి ఇవ్వాలి. అందులో ఏముంటాయి? అభ్యర్థి, భార్య లేదా భర్త, ఆధారపడినవాళ్ళ గత ఐదేళ్ళ ఆదాయం. చేతిలో క్యాష్, బ్యాంక్ డిపాజిట్లు, షేర్లు, బంగారం, బళ్ళు. పొలాలు, స్థలాలు, ఇళ్ళు. అప్పులు. ప్రభుత్వానికి కట్టాల్సిన బకాయిలు. పెండింగ్ కేసులు, శిక్ష పడిన కేసులు. చదువు, వృత్తి. చివర్లో పార్ట్ బి అని ఒక సారాంశం ఉంటుంది. ఓపిక లేనివాళ్ళు డైరెక్ట్‌గా పార్ట్ బికి వెళ్ళిపోండి, రెండు మూడు పేజీల్లో మొత్తం కథ ఉంటుంది.

ఒక ముఖ్యమైన విషయం. ఇందులో రాసింది నిజమా కాదా అని రిటర్నింగ్ ఆఫీసర్ చెక్ చెయ్యరు. ఖాళీ వదిలేస్తే నింపమని చెప్తారు, అయినా నింపకపోతే నామినేషన్ తిరస్కరించొచ్చు. ఇది 2013 తీర్పు. కానీ అబద్ధం రాశారని నామినేషన్ ఆపలేరు. అబద్ధమని తర్వాత కోర్టులో రుజువైతే ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 125ఎ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇంకో విషయం చాలామందికి తెలీదు. అందులో రాసింది తప్పు అని మీ దగ్గర ఆధారం ఉంటే, మీరు కూడా ప్రమాణపూర్వకంగా ఒక కౌంటర్ అఫిడవిట్ ఇవ్వొచ్చు. దాన్ని కూడా అభ్యర్థి అఫిడవిట్‌తో పాటు అందరికీ కనిపించేలా పెట్టాలి.

ఇప్పుడు మా పని దగ్గరికొద్దాం. ఏపీలో 2024 మే 13న పోలింగ్. నామినేషన్లు ఏప్రిల్ 18న మొదలు, 25న ఆఖరు. 26న పరిశీలన, 29న ఉపసంహరణ. అంటే పోటీలో ఎవరున్నారో ఫైనల్‌గా తెలిసేది 29 మధ్యాహ్నం తర్వాత. మే 11 సాయంత్రానికి ప్రచారం బంద్. మధ్యలో మిగిలింది 12 రోజులు. వెబ్‌సైట్ ఆలోచనలున్నవాళ్ళు ఈ క్యాలెండర్ ముందు చూసుకోండి. మన పనికొచ్చే టైమ్ ఐదేళ్ళలో రెండు వారాలు కూడా లేదు.

పైగా మన దగ్గర ముహూర్తం సంగతి తెలుసు కదా. మంచి రోజు చూసుకుని అందరూ ఒకేసారి వచ్చి నామినేషన్ వేస్తారు. దాంతో రెండు మూడు రోజులు ఏమీ ఉండదు, ఒకేరోజు వరదలా అఫిడవిట్లు వచ్చి పడతాయి. ఎన్నికల సంఘం వాటిని 24 గంటల్లో సైట్‌లో పెట్టాలి, పెడుతుంది కూడా. కానీ ఏ రూపంలో? స్కాన్ చేసిన పీడీఎఫ్. అంటే ఫొటో అన్నమాట. సెర్చ్ చెయ్యలేం, కాపీ చెయ్యలేం. కొన్ని తెలుగులో, కొన్ని ఇంగ్లీషులో, కొన్ని చేతిరాతలో. నోటరీ స్టాంపు సరిగ్గా అంకె మీదే గుద్ది ఉంటుంది.

ఓసీఆర్ ఉంది కదా అనుకున్నాం. ఓసీఆర్ అంటే ఫొటోలోని అక్షరాలని టెక్స్ట్‌గా మార్చే సాఫ్ట్‌వేర్. మొదటిరోజు రిజల్ట్ చూసి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఒక స్వతంత్ర అభ్యర్థికి బ్యాంకులో 5,00,000.00 ఉంది. ఆ చివరి చుక్కని సాఫ్ట్‌వేర్ మింగేసింది. ఐదు లక్షలు కాస్తా ఐదు కోట్లయింది. ఇంకొకాయన 25,000 పక్కన మనం మామూలుగా పెట్టే గీత, అడ్డగీత పెట్టారు. ఆ గీతని ఒకటి అనుకుంది. రెండు లక్షల యాభై వేల ఒకటి అని వచ్చింది. పొలం కొలతలు ఇంకో తలనొప్పి. మన వైపు 2.40 అంటే రెండెకరాల నలభై సెంట్లు, ఎకరాకి వంద సెంట్లు. ఒక అభ్యర్థికి తెలంగాణలో కూడా భూమి ఉంది, అక్కడ 2-20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు, ఎకరాకి నలభై గుంటలు. అంటే రెండున్నర ఎకరాలు. మా ప్రోగ్రామ్ దాన్ని 2.20 అని రాసుకుంది. ఇవన్నీ మేం పట్టుకున్నాం. అంకెలన్నీ చేత్తో మళ్ళీ టైప్ చేశాం. నిద్ర లేకుండా చేశాం. బాగానే చేశాం అనుకున్నాం.

ఇప్పుడు ఆ తప్పు.

ఒక అభ్యర్థి గరిష్ఠంగా నాలుగు సెట్ల నామినేషన్లు వెయ్యొచ్చు. ఒకటి రిజెక్ట్ అయినా ఇంకొకటి నిలబడుతుందని జాగ్రత్త. దానివల్ల సైట్‌లో ఒకే మనిషివి రెండు మూడు అఫిడవిట్లు కనిపిస్తాయి. ఈ డూప్లికేట్లు తీసెయ్యడానికి నేను ఒక చిన్న రూల్ రాశా. ఒకే నియోజకవర్గంలో ఒకే పేరుంటే, అది ఒకే మనిషి. మన పేర్ల ఇంగ్లీషు స్పెల్లింగులు మీకు తెలుసుగా. శ్రీనివాసరావు అన్న పేరుని పది రకాలుగా రాస్తారు. అందుకని స్పేసులు తీసేసి, ఇనిషియల్స్ తీసేసి పోల్చేలా రాశా. ఐదు లైన్ల కోడ్. రాసినప్పుడు చాలా తెలివైన పని చేశానని కూడా అనుకున్నా.

మన ఎన్నికల్లో ఒకే పేరున్న ఇద్దరు ఒకేచోట పోటీ చెయ్యడం ఎంత మామూలో నాకు తెలీదా? తెలుసు. పేపర్లలో ప్రతిసారీ చదువుతూనే ఉన్నాం. కోడ్ రాసేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

మా ఎనిమిది పోటీల్లో ఒకదాంట్లో ఒక పెద్ద పార్టీ అభ్యర్థి, అదే పేరుతో ఒక స్వతంత్ర అభ్యర్థి. నా రూల్ ఇద్దరినీ కలిపేసింది. తర్వాత ఫైనల్ లిస్టులో ఇద్దరి పేర్లూ వచ్చాయి కాబట్టి రెండు పేజీలు తయారయ్యాయి. రెండిట్లోనూ కలిపేసిన డేటానే. ఫొటో వేరు, గుర్తు వేరు, కింద ఉన్న కేసులు మాత్రం ఒకటే. పార్టీ అభ్యర్థి తన అఫిడవిట్‌లో రాసిన రెండు కేసులు ఈ స్వతంత్ర అభ్యర్థి పేజీలో కూడా వచ్చేశాయి. అందులో ఒకటి సెక్షన్ 307, హత్యాయత్నం.

సైట్ కింద నా వాట్సాప్ నంబర్ పెట్టా, తప్పులుంటే చెప్పండి అని. మే మొదటి వారం, రాత్రి తొమ్మిదిన్నర. ఫోన్ మోగింది. ఒక అమ్మాయి. 'అన్నా, మా నాన్న మీద మర్డర్ కేసేంటన్నా? మా నాన్న పోలీస్ స్టేషన్ మెట్టు ఎక్కలేదు ఎప్పుడూ' అంది. గొంతు వణుకుతోంది. నేను మొదట ఏం చెప్పానో తెలుసా? 'అది మీ నాన్నగారు ఇచ్చిన అఫిడవిట్‌లో ఉన్నదేనమ్మా' అన్నా. అంత నమ్మకం నాకు నా కోడ్ మీద. తను ఒక్క మాట అంది. 'అఫిడవిట్ నేనే రాశానన్నా.'

లాప్‌టాప్ తెరిచి పీడీఎఫ్ చూశా. కేసుల కాలమ్‌లో గుండ్రటి అక్షరాలతో 'లేవు' అని ఉంది. నా సైట్‌లో రెండు అని ఉంది.

పది నిమిషాల్లో పేజీ దించేశా. కానీ అప్పటికే అది 19 గంటలుగా లైవ్‌లో ఉంది. ఎవరో స్క్రీన్‌షాట్ తీసి వాళ్ళ ఊరి గ్రూపులో పెట్టారు. సర్వర్‌లో ఉన్నది నేను మార్చగలను. వందల ఫోన్ల గ్యాలరీల్లో ఉన్నదాన్ని ఎలా మారుస్తా? సవరణ రాసి అదే గ్రూపులో పెట్టమన్నాం, పెట్టారు. మొదటి పోస్టుకి వచ్చినన్ని రిప్లైలు దానికి రాలేదు. ఎప్పుడూ రావు.

మర్నాడు బండేసుకుని వాళ్ళ ఊరు వెళ్ళా. చిన్న టైలర్ షాపు. ఆయన మిషన్ ఆపి కుర్చీ చూపించారు. క్షమించమని అడిగా. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. 'బాబూ, నేను గెలవనని నాకు తెలుసు. కానీ ఈ వీధిలో ముప్పై ఏళ్ళుగా బట్టలు కుడుతున్నా. ఆడపిల్లలు ఒంటరిగా వచ్చి కొలతలిచ్చి వెళ్తారు. నిన్నటినుంచి ఒక్కరూ రాలేదు' అన్నారు. పెద్ద పార్టీ అభ్యర్థి అయితే ప్రెస్ మీట్ పెట్టి ఖండిస్తారు. లాయరు నోటీసు పంపిస్తారు. ఈయనకి అలాంటివేమీ లేవు. నేను ఒక తెల్లకాగితం మీద తప్పు నాది అని రాసి, సంతకం పెట్టి, ఆయన అఫిడవిట్ కాపీతో పాటు షాపు తలుపుకి అంటించి వచ్చా. వాళ్ళమ్మాయే గమ్ బాటిల్ తెచ్చిచ్చింది.

ఆ మనిషిని ఎవరైనా కావాలని నిలబెట్టారా అని కామెంట్లలో అడుగుతారని తెలుసు. అది తేల్చడం నా సైట్ పని కాదు. ఆయన ఏం ప్రకటించారో అది తప్పుల్లేకుండా చూపించడం నా పని. అందులోనే ఫెయిలయ్యా.

ఆ తర్వాత మేం మూడు మార్చాం. ఒకటి, మనుషుల్ని కలపడం కోడ్‌కి వదలం. పేరుతో పాటు తండ్రి లేదా భర్త పేరు, వయసు, ఫొటో, పార్టీ అన్నీ కలిస్తేనే ఒకే మనిషి, అది కూడా ఇద్దరం విడివిడిగా చూసి ఓకే అనాలి. రెండు, సైట్‌లో కనిపించే ప్రతి అంకె పక్కన అది అఫిడవిట్ ఎన్నో పేజీలో ఉందో రాసి, నొక్కితే ఆ పేజీ తెరుచుకునేలా పెట్టాం. మమ్మల్ని నమ్మొద్దు, చూసుకోండి అని. మూడు, కేసులు ఉన్నాయని చూపించే ఏ పేజీ అయినా లైవ్‌లోకి వెళ్ళేముందు ఎల్‌ఎల్‌బీ చదివే చెల్లి సంతకం పెట్టాలి. ఆ మూడో రూల్ వల్ల సగం పేజీలు రెండు రోజులు లేటయ్యాయి. అయినా పర్లేదు.

ఇంక కేసుల గురించే కొంచెం లోతుగా మాట్లాడదాం, ఎందుకంటే మనందరం చూసేది ఆ అంకెనే. ఏడీఆర్ లెక్క ప్రకారం 2024లో గెలిచిన 543 మంది ఎంపీల్లో 251 మంది తమ మీద కేసులున్నాయని ప్రకటించారు. 46 శాతం. 2009లో ఇది 162, 2014లో 185, 2019లో 233. పెరుగుతూనే ఉంది. ఇది ఆలోచించాల్సిన విషయమే. కానీ ఒక్కో అభ్యర్థి దగ్గరికొచ్చేసరికి అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం.

ఒకాయన మీద 18 కేసులు. ఇంకొకాయన మీద ఒకటే. ఎవరు బెటర్? వెంటనే ఒకటే ఉన్నాయన అంటాం. ఇప్పుడు లోపలికి చూడండి. 18 కేసుల్లో అన్నీ 143, 188, 341. అంటే గుమిగూడారు, అధికారి ఆదేశం పాటించలేదు, దారి అడ్డగించారు. ధర్నాలు, రాస్తారోకోలు చేస్తే పడే కేసులు. ప్రతిపక్షంలో ఐదేళ్ళు తిరిగినవాళ్ళ మీద ఇవి కుప్పలుగా ఉంటాయి. ఆ ఒక్క కేసు మాత్రం 420, మోసం, కోర్టు ఛార్జీలు కూడా ఫ్రేమ్ చేసింది. ఇప్పుడు చెప్పండి.

అందుకే మేం కేసుల సంఖ్యని పెద్ద అక్షరాలతో పెట్టడం మానేశాం. ప్రతి కేసుకీ మూడు విషయాలు రాశాం. నేరం ఏంటో మామూలు తెలుగులో. దానికి గరిష్ఠ శిక్ష ఎంత. కేసు ఏ దశలో ఉంది: ఎఫ్‌ఐఆర్ దగ్గరా, ఛార్జీలు ఫ్రేమ్ అయ్యాయా, శిక్ష పడిందా. ఫారం 26లో ఛార్జీలు ఫ్రేమ్ అయ్యాయా లేదా అనే కాలమ్ ఉంది, అది తప్పకుండా చూడండి. పెండింగ్ కేసు అంటే తప్పు చేశాడని కాదు. అలాగే పెండింగ్ కేసు అంటే ఏమీ లేదనీ కాదు. ఇంకో సంగతి, 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 302 ఇప్పుడు 103, 307 ఇప్పుడు 109, మనం తిట్టుగా వాడే ఫోర్ ట్వంటీ ఇప్పుడు 318. వచ్చే ఎన్నికల అఫిడవిట్లలో పాత నంబర్లూ కొత్త నంబర్లూ కలిసి ఉంటాయి. సైట్ కట్టేవాళ్ళు రెండిటికీ రెడీగా ఉండాలి.

ఆస్తుల విషయంలో కూడా అంతే. 'ఐదేళ్ళలో ఆస్తి నాలుగింతలు' అన్న హెడ్డింగ్ మీరు చూసే ఉంటారు. కొన్నిసార్లు అది నిజంగా అడగాల్సిన ప్రశ్న. కొన్నిసార్లు తాతగారి పొలం పక్కనుంచి హైవే వచ్చి రేటు పెరిగి ఉంటుంది. ఫారంలో కొన్న ధర, ఇప్పటి మార్కెట్ ధర వేరువేరుగా రాయాలి. వారసత్వంగా వచ్చిందా, తాను కొన్నదా అన్నది కూడా రాయాలి. కాబట్టి చూడాల్సింది మొత్తం కాదు. కొత్తగా ఏం కొన్నారు, ఆ ఐదేళ్ళ ఆదాయంతో అది కొనడం కుదురుతుందా? ఈ రెండు కాలమ్‌లు పక్కపక్కన పెట్టుకుంటే చాలు.

మా ఫ్రెండ్ ఒకడు మొదట్లో ప్రతి అభ్యర్థికీ పదికి ఇన్ని అని స్కోరు ఇద్దాం అన్నాడు. రెస్టారెంట్ రేటింగ్ లాగా. క్లిక్కులు బాగా వస్తాయి, నిజమే. కానీ చదువుకి ఎన్ని మార్కులు, కేసుకి ఎన్ని మైనస్‌లు? అది నిర్ణయించేది నలుగురు ఇంజనీర్లా? పదో తరగతి చదివిన సర్పంచ్ గారు ఊరికి నీళ్ళు తెచ్చిన సంగతి ఏ కాలమ్‌లో పెడతాం? స్కోరు తీసేశాం. మేం ఎవరికి ఓటెయ్యాలో చెప్పం, కాగితంలో ఉన్నది చెప్తాం. అభ్యర్థుల పాన్ నంబర్లు, ఫోన్ నంబర్లు కూడా అఫిడవిట్‌లో ఉంటాయి. అవి మా పేజీలో పెట్టలేదు. ఓటు నిర్ణయించుకోవడానికి పాన్ నంబర్ ఎందుకు?

పార్టీల గురించి కూడా పేజీలు పెట్టాం. ఇక్కడ జర్మనీలో ఒక మంచి మోడల్ ఉంది. వాల్-ఓ-మాట్ అని, 2002 నుంచి నడుస్తోంది. 38 వాక్యాలు ఇస్తారు. మీరు ఒప్పుకుంటారా, ఒప్పుకోరా, మధ్యస్థమా అని నొక్కుతారు. పార్టీలు కూడా అదే వాక్యాలకి ముందే జవాబులిస్తాయి. చివర్లో మీ అభిప్రాయాలు ఏ పార్టీకి ఎంత దగ్గరో చూపిస్తుంది. ఇది మన దగ్గర కూడా చేద్దామని చూశాం. కుదరలేదు. ఎందుకంటే మన దగ్గర పార్టీల తేడా అవును-కాదుల్లో తక్కువ, 'ఎంత' అన్నదాంట్లో ఎక్కువ. ఏపీలో 2024లో పెన్షన్ పెంచుతాం అని రెండు వైపులా అన్నారు. ఒకరు 4,000 అన్నారు, ఇంకొకరు 3,000 నుంచి దశలవారీగా 3,500 అన్నారు. 'పెన్షన్ పెంచాలా?' అని అడిగితే అందరి జవాబూ ఒకటే.

అందుకని మేనిఫెస్టోల నుంచి ఒక టేబుల్ చేశాం. హామీ ఏంటి, ఎవరికి, ఎప్పటినుంచి, డబ్బు ఎక్కడినుంచి తెస్తామన్నారు. నాలుగు కాలమ్‌లు. ఆఖరి కాలమ్ అన్ని పార్టీలకీ దాదాపు ఖాళీగానే ఉంది. మేం ఒక్క కామెంట్ కూడా రాయలేదు. ఖాళీగా ఉన్నదాన్ని ఖాళీగానే వదిలేశాం. సైట్‌లో జనం ఎక్కువసేపు ఆగింది ఆ టేబుల్ దగ్గరే.

పార్టీల మీద ఇంకో సోర్స్ చెప్తా. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక ఆదేశం ఇచ్చింది. కేసులున్నవాళ్ళకి టికెట్ ఇస్తే, ఎందుకు ఇచ్చారో, కేసుల్లేని మనిషి ఎందుకు దొరకలేదో పార్టీ తన వెబ్‌సైట్‌లో రాయాలి. గెలుస్తాడు కాబట్టి ఇచ్చాం అంటే కుదరదు. ఆ ఫారం పేరు సీ-7. వెతికి చదవండి. మేం చదివినవాటిల్లో చాలావరకు ఒకే పేరా, పేరు మాత్రం మార్చారు. సేవాభావం, ప్రజాదరణ, అంతే. కాపీ పేస్ట్ చూడగానే మన ఇంజనీరింగ్ రికార్డు బుక్కులు గుర్తొచ్చాయి నాకు.

చివరిగా మా అమ్మ సంగతి. ఇంత కష్టపడి కట్టిన సైట్ అమ్మకి చూపించా. 'బాగుందిరా' అని ఫోన్ తిరిగి ఇచ్చేసింది. రెండో పేజీకి కూడా వెళ్ళలేదు. కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, అమ్మకి ఇంటర్నెట్ అంటే వాట్సాప్. లింక్ నొక్కితే డబ్బులు పోతాయని నేనే వందసార్లు చెప్పా. ఇప్పుడు నా లింక్ మాత్రం ఎందుకు నొక్కాలి?

దాంతో ప్రతి అభ్యర్థికీ ఒక ఫొటో కార్డు చేశాం. ఒకే బొమ్మ, పెద్ద అక్షరాలు, తెలుగు. చదువు, వృత్తి, ఆదాయం, ఆస్తి, అప్పు, కేసులు. టైలర్ గారి స్క్రీన్‌షాట్ గుర్తుంది కదా, అందుకని ప్రతి కార్డు మీదా తేదీ, అఫిడవిట్ పేజీ నంబర్, తప్పుంటే ఫోన్ చెయ్యాల్సిన నంబర్ ముద్రించాం. ఒక అభ్యర్థిది ఒక్కటే విడిగా కాకుండా, ఆ నియోజకవర్గంలో అందరి కార్డులూ కలిపి ఒకే ఫైల్‌గా ఇచ్చాం. ఎవరో ఒకరిని టార్గెట్ చెయ్యడానికి వాడకూడదని. అమ్మ ఆ కార్డులు చూసింది. చూసి, పక్కింటి ఆంటీకి పంపింది. పోలింగ్ ముందురోజు ఇద్దరూ అరుగు మీద కూర్చుని 'ఈయనకి అప్పులే ఎక్కువున్నాయే' అని చర్చించుకుంటుంటే, నాకు సైట్ లాంచ్ అయిన రోజు కంటే ఎక్కువ ఆనందం వేసింది. ఎవరికి ఓటేసిందో అమ్మ చెప్పలేదు. నేనూ అడగలేదు.

సరే ఫ్రెండ్స్, మీకు ఇవాళ్టి పని. కోడింగ్ రాకపోయినా చెయ్యొచ్చు. ఎన్నికల సంఘం అఫిడవిట్ పోర్టల్‌కి వెళ్ళండి, లేదా ఏడీఆర్ వాళ్ళ మైనేత సైట్‌కి వెళ్ళండి. 2024 ఎన్నికల టైమ్‌లో 'నో యువర్ క్యాండిడేట్' యాప్ ఉండేది. మీ ఇప్పటి ఎమ్మెల్యే గారి 2024 అఫిడవిట్ తియ్యండి. ముందు పార్ట్ బి చదవండి. తర్వాత కేసుల పేజీలో సెక్షన్లు, దశ చూడండి. తర్వాత ఐదేళ్ళ ఆదాయం, కొత్తగా కొన్నవి పక్కపక్కన పెట్టండి. ఇరవై నిమిషాలు పడుతుంది. ఎన్నికల వేడిలో కాకుండా ఇప్పుడు చదివితే మనసు ప్రశాంతంగా ఉంటుంది, మన పార్టీ, వాళ్ళ పార్టీ అన్న గోల తక్కువ ఉంటుంది.

చదివాక మీకు ఏదైనా ఆశ్చర్యంగా అనిపిస్తే, ఎవరికైనా ఫార్వర్డ్ చేసేముందు ఒక్కసారి అది ఆ మనిషిదేనా అని తండ్రి పేరు చూడండి. ఇనిషియల్ చూడండి. ఫొటో చూడండి. నేను చూడలేదు.

ఆ టైలర్ గారి షాపు ఇప్పుడు మళ్ళీ బాగానే నడుస్తోంది. పోయిన సంక్రాంతికి నా చొక్కా అక్కడే కుట్టించుకున్నా. డబ్బులు తీసుకున్నారు, డిస్కౌంట్ ఇవ్వలేదు. వాళ్ళమ్మాయి డిగ్రీ ఆఖరి సంవత్సరం. వచ్చేసారి సైట్ చేస్తే చెకింగ్ టీమ్‌లో నేనుంటానన్నా అంది. అఫిడవిట్ ఎలా రాయాలో మా నలుగురి కంటే తనకే బాగా తెలుసు కాబట్టి, వెంటనే ఓకే అన్నా.

మీ నియోజకవర్గానికి కూడా ఇలాంటిది చెయ్యాలనుంటే కామెంట్‌లో నియోజకవర్గం పేరు రాయండి. మా టేబుల్స్, మా చెక్ లిస్టు, మేం చేసిన తప్పుల లిస్టు అన్నీ ఫ్రీగా ఇస్తాం. ఎపిసోడ్ నచ్చితే ఇంట్లోవాళ్ళకి చూపించండి. మళ్ళీ వచ్చే వారం కలుద్దాం. ఉంటాను, బై.